మేనత్త పెట్టిన రివాజు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎవరు ఎడ్లు కొనాలన్నా ముందుగా మా బాపును వెంటబెట్టుకుని అంగడికి పోయేవాళ్లు. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెప్పడం చాలామందికి వస్తుంది. మా బాపు అంతటితో ఊరుకునేవాడు కాదు. ఎద్దును నాలుగడుగులు నడిపించి, వెనక నిలబడి డెక్కల చప్పుడు విని, ఇది బండికి సరే కానీ దుక్కికి నిలవదు అనేవాడు. ఇక బేరానికి కూర్చున్నాడంటే చూసి తీరాల్సిందే. పశువుల అంగట్లో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీదా తువ్వాల కప్పి, దాని కింద వేళ్లు పట్టి చెప్పుకుంటారు. పైన ఇద్దరూ వానల గురించీ పెళ్లిళ్ల గురించీ తీరిగ్గా మాట్లాడుకుంటూ ఉంటారు, కింద వేళ్లు కొట్లాడుకుంటూ ఉంటాయి. నేను బాపు తొడను ఆనుకుని కూర్చుని ఆ తువ్వాల కదలడమే చూసేదాన్ని. చివరికి బాపు చేయి బయటికి తీసేసరికి అవతలివాడు ఓడిపోయి కూడా నవ్వుతూ లేచేవాడు.

అటువంటి మా బాపు ఒక ఎండాకాలం పొద్దున మా సొంత ఎడ్లనే, అడిగిన మొదటి ధరకే ఇచ్చేయబోయాడు. ఆ రోజు మా మేనత్త రాకపోయి ఉంటే మా ఇంటి కథ ఇంకోలా ఉండేది.

మాది లక్సెట్టిపేట దగ్గర ఊరు. గోదారి ఒడ్డుకు కొంచెం ఎడంగా ఉంటుంది. చెరువు కింద కాస్త పొలం, మిట్ట మీద జొన్నచేను, పెరట్లో రెండు మామిడి చెట్లు, ఒక బండి, ఒక జత ఎడ్లు. ఒకటి తెల్లెద్దు, ఇంకోటి కర్రెద్దు. నల్లదాన్ని మా దిక్కున కర్రెది అంటాం. నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. కొత్త పైసలు వచ్చిన రోజులు అవి. మా అవ్వ మాత్రం ఇంకా అణాల్లోనే లెక్క చెప్పేది.

వరసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. చెరువు అడుగున పగుళ్లు వచ్చాయి. జొన్న చేతికి రాలేదు. ఇంట్లో గింజలు అడుగంటిన కొద్దీ బాపు మారిపోవడం మొదలైంది. అది తిండి తక్కువై చిక్కిపోవడం ఒక్కటే కాదు. మనిషి పక్కనే ఉండేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు. బావికి పోయి బొక్కెన అక్కడే మరిచి వచ్చేవాడు. మామిడి చెట్లు పూతకొచ్చినప్పుడు, కాయ ఎంత నిలుస్తుందో చూడకుండానే, ఎవరో వస్తే పూత మీదే అమ్మేశాడు. ఆ ఏడాది కాయ విరగకాసింది. మా పెరట్లో చెట్ల కింద అవతలివాళ్ల కాపలా ముసలాయన మంచం వేసుకుని పడుకుంటే, మేము గడపలో నిలబడి చూశాం.

నీళ్లు కాచుకునే ఇత్తడి గంగాళం అమ్మేశాడు. తర్వాత చిన్న గిన్నెల్లో మళ్లీ మళ్లీ కాచుకోవడానికి కట్టెలు రెట్టింపు అయ్యాయి. జొన్నలు ఏ రోజుకారోజు మానెడు చొప్పున దుకాణంలో తెచ్చుకునేవాళ్లం. బస్తా కొంటే చవకని బాపుకు తెలియదా? ఊరందరికీ చెప్పేవాడే ఆయన. కానీ బస్తాకు సరిపడా డబ్బు ఒక్కసారి చేతిలో ఉంటే కదా.

ఒక్కోసారి అర్థంకాని పని కూడా చేసేవాడు. ఇంట్లో ఉప్పు కూడా నిండుకున్న ఒక రోజు అంగడి నుంచి జిలేబీ పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అవ్వ నోటికొచ్చినట్టు తిట్టింది. ఆయన మాత్రం నేను తింటుంటే చూస్తూ కూర్చున్నాడు. అన్ని నెలల్లో ఆయన మొహం విచ్చుకోవడం నేను చూసింది అప్పుడే. అందుకే ఆ జిలేబీ తీపి నాకింకా నాలుక మీదే ఉంది. వాడలో వాళ్లు మాత్రం, బుద్ధి తక్కువైంది వీడికి, చేతులారా చేసుకుంటుండు అని చెవులు కొరుక్కునేవాళ్లు. అవి నా చెవిన కూడా పడేవి. నిజమేనేమో అని నాకూ అనిపించేది.

రోహిణి ఎండలు మండుతున్న రోజుల్లో ఆదిలాబాద్ దిక్కు నుంచి పశువుల బేరగాడొకాయన మా వాడకు వచ్చాడు. తలకు ఎర్ర రుమాలు, చేతిలో పొడుగాటి కర్ర. మాటల్లో మరాఠీ కలిసేది, ఆడవాళ్లను బాయీ అని మర్యాదగా పిలిచేవాడు. మా కొట్టం ముందు ఆగి ఎడ్లను చూశాడు. బాపును చూశాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని చేతుల మీద తువ్వాల కప్పుకున్నారు.

నేను అలవాటుగా బాపు పక్కన చేరాను. తువ్వాల ఒక్కసారి కదిలింది. అంతే. బాపు చేయి బయటికి వచ్చేసింది. వానల మాట లేదు, పెళ్లిళ్ల మాట లేదు. ఆ బేరగాడు కూడా ఒక్క క్షణం బిత్తరపోయి బాపు మొహంలోకి చూశాడు. తర్వాత బయానా ఇవ్వడానికి నడుముకున్న సంచి మూతి విప్పసాగాడు. బయానా డబ్బు చేతిలో పడిందంటే మాట పడినట్టే. ఇక వెనక్కి తీసుకోవడం మా దిక్కున పరువు తక్కువ. లోపల అవ్వ ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. ఎడ్లు పోతే, వాన పడ్డాక దుక్కి ఎవరు దున్నుతారు? ఇంకొకరి ఎడ్ల కోసం వాళ్ల దుక్కులన్నీ అయ్యేదాకా ఆగాలి. అప్పటికి అదను దాటిపోతుంది. ఇది ఆమెకు తెలుసు. చిన్నపిల్లను, నాకూ తెలుసు. బాపుకు తెలియదని ఎలా అనుకుంటాం?

సరిగ్గా అప్పుడు వీధి మొదట్లోనే మా మేనత్త గొంతు వినిపించింది. ఆమె మనిషి కన్నా ముందు గొంతు వచ్చేది. మా బాపుకు అక్క. మెట్‌పల్లి దిక్కు ఇచ్చారు. భారీ మనిషి, నవ్విందంటే పొట్టంతా కదిలేది. నెత్తి మీద మూట, చెమటతో తడిసిన మొహం. అంగట్లో ఎవరో, మీ తమ్ముడు ఎదురుపడితే నేను పలకరించినా పలకలేదు అని చెప్పారట. మా తమ్ముడు పలకకపోవడమేంది అని ఆ మాటకే బయలుదేరి వచ్చింది.

వాకిట్లో అడుగుపెట్టి తువ్వాలను చూసింది, విప్పిన సంచిని చూసింది, తమ్ముడి మొహం చూసింది. ఆమెకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. మూట అరుగు మీద దబ్బున దించి, నడుము మీద చేయి వేసుకుంది.

"ఏందిరా తమ్మీ, ఆడబిడ్డ ఇంటికొచ్చిననాడు గొడ్డును గడప దాటిస్తవా? లచ్చిమి ఎంటబడి పోదా? మన రివాజు గూడ మర్సినవారా?"

బాపు అయోమయంగా చూశాడు. బేరగాడు సంచి మూతి అలాగే పట్టుకుని, "గీ రివాజు నేను ఏ ఊర్ల ఇనలే బాయీ" అన్నాడు.

"నువ్వెట్ల ఇంటవయ్యా? నువ్వేమన్న ఆడబిడ్డవా?" అంది మా మేనత్త.

ఆ మాటకు వీధిలో నిలబడ్డవాళ్లంతా నవ్వారు. బేరగాడు కూడా నవ్వేశాడు. మేనత్త గొంతు తగ్గించి ఆయనతో మెల్లగా చెప్పింది, ఇవాళ్టి వరకే అడ్డమని, రేపు పొద్దున మీ ఇష్టమని, ఈ పూట మా ఇంట్లో తిని పొమ్మని. ఆయన ఎండను చూశాడు. ఎంత దూరం నుంచి నడిచి వచ్చాడో ఏమో, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. సంచి మూతి బిగించి మళ్లీ నడుముకు కట్టుకున్నాడు.

అప్పుడు మొదలైంది మా ఇంట్లో వంట. అంత వంట చూసి ఎన్నాళ్లయిందో. మేనత్త మూటలో బియ్యం, బియ్యప్పిండి, పల్లీలు, కందిపప్పు, బెల్లం ఉన్నాయి. అవ్వ వాటిని చూసి, పొదుపుగా వాడితే ఎన్ని రోజులు వస్తాయో మనసులో లెక్క వేసుకుంది కాబోలు, సగం తీసి పక్కన పెట్టబోయింది. మేనత్త ఆ చేయి పట్టుకుంది. మొత్తం వండాలంది. అవ్వకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒక్కనాడే గింత వండితె రేపెట్ల వదినె?"

"రేపటి సంగతి చూడనీకెనే గిదంత. కడుపు కాలుతున్నోనికి రేపు కండ్లవడదే పిల్లా. ముందుగాల తిననియ్యి."

నన్ను మామిడి చెట్ల కాడికి పంపింది. మా చెట్టు కాయ మేము అడుక్కోవడమేమిటని నేను మొండికేస్తే, గాలికి రాలిన కాయ పిల్లలది, ఎవ్వడూ ఏమనడు పో అంది. కాపలా ముసలాయన నిజంగానే ఏమీ అనలేదు, పైగా లేచి కింద రాలినవాటిలో మంచివి ఏరి నా గౌను నిండా పోశాడు. వాటితో పప్పు అయింది. పల్లీలు, పచ్చిమిర్చి, కరివేపాకు కలిపిన పిండిని మేనత్త గిన్నె అడుగుకు చేత్తో పల్చగా తట్టి, వేళ్లతో బొక్కలు పెట్టి, సన్నటి సెగ మీద సర్వపిండి కాల్చింది. ఆ వాసన వీధి చివరి దాకా పోయి ఉంటుంది. బెల్లం పరమాన్నం ఉడుకుతుంటే నేను పొయ్యి దగ్గర నుంచి కదలలేదు. అవ్వ మొదట బిగుసుకుని వండింది. కాసేపయ్యాక వదినా మరదళ్లు ఇద్దరూ ఏదో పాత మాట తలుచుకుని పడీ పడీ నవ్వుకున్నారు.

బాపు తినడానికి కూర్చుని, ఎప్పటిలాగే రెండు ముద్దలు తిని తన పళ్లెంలోది నా పళ్లెంలోకి తోయబోయాడు. మేనత్త పక్కనే విసనకర్ర పట్టుకుని కూర్చుంది. ఆ విసనకర్రతో ఆయన చేతి మీద ఒక్కటి వేసింది. పెద్దయిన తమ్ముణ్ని అక్క కొట్టడం చూసి నాకు నవ్వు ఆగలేదు. బాపు కూడా నవ్వాడు. ఆ తర్వాత తలెత్తకుండా తిన్నాడు. అన్నం పెట్టించుకున్నాడు, మళ్లీ పెట్టించుకున్నాడు. బేరగాడైతే సర్వపిండి ఎన్ని ముక్కలు తిన్నాడో లెక్క లేదు. ప్రతి ముక్కకీ "బాయీ, బహుత్ మంచిగున్నది" అనేవాడు.

తిన్నాక మగవాళ్లిద్దరూ కొట్టం నీడలో నడుము వాల్చారు. మేనత్త గుమ్మంలో కూర్చుని ఆకు, వక్క ముందేసుకుంది. ఎవరూ ఎడ్ల మాట ఎత్తలేదు. బేరగాడు కడుపు నిండిన మత్తులో, తాను వచ్చిన దారి కబుర్లు మొదలుపెట్టాడు. ఎండ సంగతి, బావుల్లో నీళ్ల సంగతి. ఆ మాటల్లోనే అన్నాడు.

"తొవ్వల తునికాకు కల్లం కాడ ఆకు మూటలు గుట్టలు గుట్టలుగ పడున్నయి. మంచిర్యాల టేషన్‌కు మోసేతందుకు బండ్లు చాలక మున్షీ నెత్తి గొట్టుకుంటుండు. ఒక్క వాన పడ్డదా, ఆకంత ఖరాబైపోతది."

తునికాకు అంటే బీడీలు చుట్టే ఆకు. అడవిలో కోసి, కల్లంలో ఎండబెట్టి, మూటలు కట్టి రైలుకు ఎక్కిస్తారు. ఏటా ఎండాకాలంలో జరిగేదే. కల్లంలో లెక్కలు చూసే గుమాస్తాను మున్షీ అంటారు.

బాపు పడుకున్నవాడు లేచి కూర్చున్నాడు.

"బండికి ఏమిస్తుండట?" అని అడిగాడు.

అది విని అవ్వ లోపల గిన్నె తోముతున్న చేయి ఆపడం నాకు గుర్తు. బాపు ఎవరినైనా ఏదైనా ప్రశ్న అడిగి ఎన్ని నెలలైందో. బేరగాడు చెప్పాడు. బాపు ఊరుకోలేదు. కిరాయి ఏ రోజుకారోజే ఇస్తారా, ఎడ్లకు మేత ఎవరిది, పోను రాను రెండు వైపులా సరుకు ఉంటుందా. ఒకదాని మీద ఒకటి అడుగుతున్నాడు. అడుగుతూ అడుగుతూ ఉన్నట్టుండి ఆగి, అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు.

"అరే! మొన్న మన ఊర్లెనే డప్పు గొట్టి చెప్పిండ్రు గద! బండ్లు గావాలె, కల్లం కాడికి రాండ్రి అని. నేను గూడ నిలవడి ఇన్న."

నాకూ అప్పుడే గుర్తొచ్చింది. దుకాణం ముందు బాపు వేలు పట్టుకుని నిలబడి నేనూ ఆ చాటింపు విన్నాను. మా వాడలో బండ్లున్న వాళ్లు చాలామంది ఆ మర్నాడే వెళ్లిపోయారు. బాపు మాత్రం ఆ చాటింపు పూర్తికాకముందే నన్ను లాక్కుని దుకాణంలోకి పోయాడు, మానెడు జొన్నలు అరువు ఇస్తాడా ఇవ్వడా అని. డప్పు ఆయన చెవిలో పడింది, మాట పడలేదు.

బేరగాడు నోటి మీద చేయి వేసుకున్నాడు. "నా నోరే నాకు దుష్మన్ అయింది గద!" అని పగలబడి నవ్వాడు. బాపు ఆయన వైపు తిరిగి, పొద్దున నువ్వు పెట్టిన ధర మా కర్రెద్దు ఒక్కదానికే చాలదు, ఎరుకేనా అన్నాడు. ఆయన దాచుకోలేదు. "ఎరుకే. నువ్వడగలే, నేను చెప్పలే" అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. అంగట్లో తువ్వాల తీశాక నవ్వుకునే నవ్వు అది. నా బాపు నాకు తిరిగి దొరికాడని ఆ నవ్వుతోనే తెలిసింది.

కాసేపటికి బేరగాడు కునుకు తీశాడు. బాపు వచ్చి అక్క పక్కన గుమ్మంలో కూర్చున్నాడు. తల వంచుకుని, నాకేమైందక్కా అన్నాడు. మామిడి పూత మీద అమ్మిన, గంగాళం అమ్మిన, ఇయ్యాల ఎడ్లు. ఊర్లోళ్లంత బుద్ధి లేదంటుండ్రు, నిజమేనేమో.

మేనత్త ఆయన వీపు మీద చేయి వేసింది. "నీ బుద్ధి ఏడికి పోలే తమ్మీ. నెత్తిమీద కట్టెల మోపున్నోడు కాళ్లకాడికే చూస్తడు. దూరం చూద్దమంటె మెడ లేవద్దా? మోపు దించంగనే చూసినవు గద. ఇంక ఫికర్ జెయ్యకు."

బాపు ఏడ్చాడని అనను. తువ్వాలతో మొహం మాత్రం చాలాసేపు తుడుచుకున్నాడు.

మర్నాడు తెల్లవారేసరికి బండి కట్టాడు. ఎడ్ల మెడలకు గజ్జెలు అవ్వే కట్టింది. గంగాళం పోయినప్పుడే, ఇక ఎడ్లూ నిలవవని విప్పి లోపల పెట్టిన గజ్జెలు అవి. కల్లం బేరగాడు పోయే దారిలోనే ఉంది కాబట్టి ఆయన కూడా బండి ఎక్కాడు. ఎడ్లను తోలుకుపోవడానికి వచ్చిన మనిషి, ఆ ఎడ్ల వెనకే కూర్చుని, ఒళ్లో మేనత్త మూటగట్టి ఇచ్చిన సర్వపిండితో మా ఊరు దాటాడు. బండి కదిలేటప్పుడు, "బాయీ, నీ రివాజు నాకు నష్టం జేసింది. నీ వంట మాత్రం మర్వ" అని అరిచాడు. వీధి వీధంతా నవ్వింది.

బాపు ఆకు మూటలు తోలిన డబ్బుతో ముందుగా కొన్నది ఒక నిండు బస్తా జొన్నలు. దాన్ని ఇంట్లోకి దించినప్పుడు అవ్వ పసుపు బొట్టు పెట్టింది. కొన్నాళ్లకు వాన కురిసింది. మా ఎడ్లతో మా దుక్కి మేమే, అదనులోనే దున్నుకున్నాం. మరుసటి ఏడు మామిడి పూతకొచ్చినప్పుడు పూత మీద కొన్న ఆ పాత మనిషే మళ్లీ వచ్చాడు. బాపు ఆయనకు చల్ల ఇచ్చి, ఆకాశం గురించీ పెళ్లిళ్ల గురించీ తీరిగ్గా మాట్లాడి, కాయ పట్టినంక రా, చూద్దాం అని పంపించాడు.

ఆ ఎండాకాలంలోనే, మేనత్త తిరిగి వెళ్లేటప్పుడు రోడ్డు దాకా సాగనంపడానికి నేను వెళ్లాను. దారిలో నాకు ఉండబట్టలేదు. "అత్తమ్మా, నిజంగ గట్ల రివాజున్నదా?" అని అడిగాను. ఆమె రోడ్డు మధ్యలో ఆగి, పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "ఇయ్యాల్టిసంది ఉన్నదనుకో బిడ్డా" అంది.

అన్నట్టే అయింది. ఆ వీధిలో నిలబడి విన్న ఆడవాళ్లు ఆ మాటను గట్టిగా పట్టుకున్నారు. ఎవరింట్లోనైనా మగవాడు ఇబ్బందిలో పడి పశువునో పొలాన్నో తొందరపడి అమ్మబోతే, ఇంటి ఆడవాళ్లు చప్పుడు చేయకుండా అతని అక్కకో చెల్లెలికో కబురు పంపేవాళ్లు. ఆమె వచ్చేది, అందరూ కూర్చుని తినేవాళ్లు. మర్నాటికి కొందరు అమ్మకం మానుకునేవాళ్లు. కొందరికి అమ్మక తప్పేది కాదు, కానీ వాళ్లు మంచి ధరకు అమ్ముకునేవాళ్లు.

నేను పెళ్లయి శ్రీరాంపూర్ గనుల దగ్గరికి కాపురానికి వచ్చాను. మాకూ చెడ్డ నెలలు వచ్చాయి. జీతం అందని రోజుల్లో నేనూ నూనె చిన్న సీసాలో తెచ్చుకున్నాను, చెప్పింది మరిచిపోయాను, పనికిరాని దానికి ఖర్చుపెట్టి తర్వాత ఏడ్చాను. అప్పుడు నన్ను నేను తెలివితక్కువదానా అని తిట్టుకోబోయినప్పుడల్లా మేనత్త చేయి నా వీపు మీద ఉన్నట్టే ఉండేది. ఇబ్బందిలో ఉన్న మనిషిని చూసి బుద్ధి లేదనే మాట ఆ రోజు తర్వాత నా నోట రాలేదు.

మొన్న ఎండాకాలం పక్కింటి కోడలు ఉరుకుతూ వచ్చింది. చెవుల కమ్మలు చేతిలో ఉన్నాయి. ఇప్పుడే అమ్మాలి, దుకాణం మూసేస్తారు, నా వెంట రా పెద్దమ్మా అంది. ఆమె మొగుడికి పని పోయి కొన్ని వారాలైందని నాకు తెలుసు. పొద్దున ఏం తిన్నావని అడిగితే గోడ వైపు చూసింది. నేను పీట వాల్చి పళ్లెం పెట్టాను. వద్దంటూనే కూర్చుంది. ఏడుస్తూనే తింది. తింటూ తింటూ ఏడుపు మానేసి, పప్పు ఇంకొంచెం ఉందా అని అడిగింది. ఉన్నదంతా వేశాను. చేయి కడుక్కుని, కొంగుతో మొహం తుడుచుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాక అన్నాను.

"ఆఁ, ఇప్పుడు చెప్పు బిడ్డా. ఏం జేద్దం?"